గొలుసు నుండి లైసెన్సు దాకా: తెలుగునాట భూమి కొలత – యజమానికి సర్వేయరు అవసరమయ్యే సందర్భాల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

భూయజమాని తన సొంత ఖర్చుతో సర్వేయరును ఎప్పుడు ఆశ్రయించాలి అనే ప్రశ్నకు సాధారణంగా చట్టంలోనో, కార్యాలయ నియమావళిలోనో సమాధానం వెతుకుతాము. ఆ సమాధానం నిజానికి భూమి కొలత చరిత్రలో ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు ప్రాంతాలలో ఆధునిక సర్వే శిస్తు నిర్ణయం కోసం పుట్టింది. సర్వే నంబరు శిస్తుకు ఏకకం. యజమాని హక్కుకు ఏకకం కాదు. పంపకాలు, అమ్మకాలు పెరిగిన కొద్దీ ఈ రెండింటి మధ్య ఏర్పడిన ఎడమే నేటి హద్దు తగాదాలకు ప్రధాన మూలం. ప్రభుత్వ కొలత ఆగిపోయిన ప్రతిచోటా యజమానికి సర్వేయరు అవసరం మొదలవుతుంది. మన్రో కాలపు కొలత పద్ధతి, 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం, హైదరాబాదు రాజ్యపు టిప్పన్ వ్యవస్థ, కరణాల రద్దు, ఇటీవలి రీసర్వే, లైసెన్స్డ్ సర్వేయర్ల నియామకం – వీటి వెలుగులో ఈ విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: సర్వే నంబరు, ఎఫ్.ఎం.బి., టిప్పన్, సేత్వార్, హద్దురాయి, ఉపవిభజన, గ్రామకంఠం, లైసెన్స్డ్ సర్వేయర్.

1. ప్రవేశిక

భూమికి మూడు రూపాలున్నాయి. మొదటిది నేల మీద గట్టు, కంచె, రాయి రూపంలో కంటికి కనిపించేది. రెండవది రెవెన్యూ దస్త్రాలలో సర్వే నంబరుగా, ఎకరాలుగా, సెంట్లుగా, గుంటలుగా ఉండేది. మూడవది రిజిస్టరు దస్తావేజులో నాలుగు హద్దులుగా వర్ణితమయ్యేది. ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిపోయినంత కాలం యజమానికి సర్వేయరు గుర్తుకు రాడు. ఏదో ఒక సందర్భంలో అవి విడిపోయినట్లు తెలియగానే కొలత అవసరమవుతుంది.

ఈ మూడు రూపాలు మూడు వేర్వేరు కాలాలలో, మూడు వేర్వేరు ప్రయోజనాల కోసం ఏర్పడ్డాయి. వాటిని కలిపి చూసే ఏర్పాటు మన వ్యవస్థలో చాలాకాలం లేదు. ఆ ఎడం ఎలా ఏర్పడిందో తెలిస్తే సర్వేయరు ఎప్పుడు అవసరమో, అతడు ఏమి చేయగలడో, ఏమి చేయలేడో స్పష్టమవుతుంది.

2. సర్వేకు పూర్వం: ఎల్లలు, గడలు, విత్తనపు కొలతలు

తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలలో దానమిచ్చిన భూమిని ఎల్లల ద్వారా గుర్తించే పద్ధతి ప్రసిద్ధం. దాన వివరణ సంస్కృతంలో సాగినా, ఎల్లలు చెప్పే భాగంలో తెలుగు మాటలు చోటుచేసుకోవడం భాషాచరిత్రకారులకు తెలిసిన విషయమే. దిక్కుల వరుసలో ఊళ్ళు, చెరువులు, చెట్లు, పుట్టలు, రాళ్ళు ఎల్లలుగా పేర్కొనబడ్డాయి. ఆ ఎల్లలను గుర్తుపట్టగలిగేది ఆ ఊరివారే. అందువల్ల హద్దుకు సాక్ష్యం స్థానికుల జ్ఞాపకం.

కొలత కూడా స్థానికమే. కాకతీయ యుగపు శాసనాలలో ‘కేసరిపాటిగడ’ వంటి కొలగడల పేర్లు కనిపిస్తాయి. భూమి పరిమాణాన్ని మర్తురులలోనూ, విత్తన పరిమాణాన్ని బట్టి పుట్లు, తూములలోనూ చెప్పడం వాడుక. పుట్టెడు విత్తనం పట్టే నేల అంటే అది విస్తీర్ణమూ, నేల స్వభావమూ కలిసిన కొలత. మాగాణిలో, మెట్టలో దాని వైశాల్యం ఒకటి కాదు.

నేటి అమ్మకపు దస్తావేజులో ‘తూర్పు: ఫలానా వారి భూమి, పడమర: డొంక, ఉత్తరం: కాలువ, దక్షిణం: ఫలానా వారి ఇల్లు’ అని వ్రాసే చెక్కుబందీ ఈ ప్రాచీన సంప్రదాయానికి కొనసాగింపే. అందులో కొలత కంటే పొరుగు ముఖ్యం. పొరుగువాడు మారితే, డొంక ఇళ్ళ స్థలంగా మారితే ఆ వర్ణన తన ఆధారాన్ని కోల్పోతుంది. ఈ బలహీనత తామ్రశాసనాల నాటి నుండి దస్తావేజులలో నిలిచి ఉన్నది.

3. గొలుసు ప్రవేశం: శిస్తు కోసం కొలత

పద్దెనిమిదవ శతాబ్దాంతంలో తెలుగు ప్రాంతాలకు రెండు రకాల సర్వేలు వచ్చాయి. ఒకటి దేశస్వరూపాన్ని తెలుసుకునే సర్వే. మచిలీపట్నం తీరంలోనూ, కృష్ణా గోదావరి ప్రాంతాలలోనూ పనిచేసిన మైకేల్ టాపింగ్ ప్రేరణతో 1794లో మద్రాసులో సర్వే పాఠశాల ఏర్పడింది. అదే కాలక్రమంలో గిండీ ఇంజనీరింగు కళాశాలగా పరిణమించింది. టాపింగ్ 1796లో మచిలీపట్నంలోనే మరణించాడు. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు వద్ద ఆధారరేఖను కొలిచి మహాత్రికోణమితి సర్వేకు నాంది పలికాడు. కావలి సోదరుల సహకారంతో కాలిన్ మెకంజీ సాగించిన కృషి మనకు సుపరిచితం. ఈ సర్వేలన్నీ కొండలను, నదులను, కోటలను, ఊళ్ళను గుర్తించాయి. రైతు పొలపు గట్టు వాటి పరిధిలోకి రాలేదు.

రెండవది పొలాన్ని కొలిచే సర్వే. 1800లో నిజాము నుండి కంపెనీకి సంక్రమించిన దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1802లో పైమాయిషీ ప్రారంభింపజేశాడు. 33 అడుగుల గొలుసు ప్రమాణంగా నిర్ణయమైంది. ఆ గొలుసుతో నలుచదరంగా కొలిచిన నేల 1,089 చదరపు అడుగులు, అనగా 121 చదరపు గజాలు. అటువంటివి నలభై కలిస్తే ఒక ఎకరం. నేటికీ తెలంగాణలో వాడుకలో ఉన్న ‘గుంట’ పరిమాణం ఇదే.

మన్రో ఏర్పాటులో రెండు అంశాలు ప్రస్తుత విషయానికి ముఖ్యమైనవి. సర్వేయర్లను చిన్న బృందాలుగా విభజించి, ఒక్కొక్క బృందం పైన పరిశీలకుడిని నియమించారు. కొలిచేవారికి కొలిచిన ఎకరాలను బట్టి ప్రతిఫలం ముట్టేది. ఎకరానికి ఇంత అని చెల్లిస్తే పని వేగంగా సాగుతుంది. తప్పులకూ అవకాశం పెరుగుతుంది. అందుకే వారి కొలతను తిరిగి కొలిచి సరిచూసే వ్యవస్థ తప్పనిసరి అయింది. కొలిచేవాడు ఒకడు, సరిచూసేవాడు వేరొకడు అనే సూత్రం తెలుగునాట ఆధునిక సర్వే ఆరంభంలోనే స్థిరపడిందన్నమాట.

అయితే ఈ కొలత లక్ష్యం శిస్తు. పొలం ఎవరిది అన్న ప్రశ్న కంటే, ఆ పొలానికి ఎంత శిస్తు కట్టాలి, ఎవరు కట్టాలి అన్నవి సర్కారుకు ముఖ్యమైన ప్రశ్నలు. ఉత్తర సర్కారులలో 1802 నాటి శాశ్వత పరిష్కారం జమీందారుతో కుదిరిన ఒప్పందం కాబట్టి అక్కడ రైతు పొలాన్ని కొలవవలసిన అవసరమే ప్రభుత్వానికి కలగలేదు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతనే అటువంటి అనేక గ్రామాలు రైతువారీ సర్వే, సెటిల్‌మెంటుల పరిధిలోకి వచ్చాయి. ఒకే జిల్లాలో పక్కపక్క గ్రామాల దస్త్రాల వయస్సు, నాణ్యత వేర్వేరుగా ఉండడానికి ఇది ఒక ప్రధాన కారణం.

4. ఎఫ్.ఎం.బి., టిప్పన్: రెండు రాజ్యాలు, రెండు పద్ధతులు

మద్రాసు ప్రెసిడెన్సీలో రెవెన్యూ సర్వే శాఖ 1858లో ఏర్పడింది. హద్దురాళ్ళ రక్షణకు 1860లోనే చట్టం వచ్చింది. 1897 నాటి చట్టం తరువాత, నేటికీ ప్రాతిపదికగా ఉన్న సర్వే, సరిహద్దుల చట్టం 1923లో వెలువడింది. ఈ ప్రాంతంలో 66 అడుగులు, 100 లింకులు గల గొలుసు ప్రమాణమైంది. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. వేయి చదరపు లింకులు ఒక సెంటు. కోస్తా, రాయలసీమ జిల్లాలలో ‘సెంటు’ వాడుకకు మూలం ఈ గొలుసే.

ప్రతి సర్వే నంబరుకూ క్షేత్ర కొలతల పుస్తకంలో ఒక పటం ఉంటుంది. దీనినే ఎఫ్.ఎం.బి. అంటారు. పొలాన్ని కర్ణరేఖలతో త్రిభుజాలుగా విభజించి, ఆ రేఖల నుండి వంపుల వద్దకు లంబదూరాలు కొలిచి, అంకెలలో నమోదు చేస్తారు. రాయి పోయినా ఈ అంకెల ఆధారంగా దాని స్థానాన్ని తిరిగి నిర్ధారించవచ్చు. గ్రామ పటం ఇందుకు పనికిరాదు. మైలుకు 16 అంగుళాల ప్రమాణంతో గీసిన గ్రామ పటంలో ఒక మిల్లీమీటరు నేల మీద దాదాపు 4 మీటర్లు, అంటే 13 అడుగులు. గ్రామ పటం నకలు తెచ్చుకుని హద్దు నిర్ణయించబోవడం ఎందుకు నిష్ఫలమో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

హైదరాబాదు రాజ్యంలో సాలార్‌జంగ్ సంస్కరణల క్రమంలో, 1870ల నుండి, బొంబాయి పద్ధతిని అనుసరించి సర్వే, సెటిల్‌మెంటు ప్రారంభమయ్యాయి. 1317 ఫసలీ, అనగా 1907 నాటి భూమి శిస్తు చట్టం ఈ వ్యవస్థకు చట్టబద్ధత ఇచ్చింది. 33 అడుగుల గొలుసును 16 అణాలుగా విభజించి, ఆధారరేఖ నుండి లంబదూరాలు కొలిచి గీసిన చిత్తు పటమే టిప్పన్. తొలి సర్వేలో నిర్ణయమైన నంబర్లను, విస్తీర్ణాలను, పట్టాదారులను చూపేది సేత్వార్. అయితే జాగీర్ల పాలన 1949 వరకు సాగింది. అందువల్ల ఇక్కడ కూడా అన్ని గ్రామాల దస్త్రాలు ఒక తీరున లేవు. ఆంధ్రప్రదేశ్ అవతరణ తరువాత 1923 చట్టాన్ని తెలంగాణ ప్రాంతానికి విస్తరించారు. చట్టం ఒకటైంది, దస్త్రాలు మాత్రం రెండు సంప్రదాయాలకు చెందినవిగానే నిలిచాయి. సర్వేయరు నైపుణ్యంలో పరికరం కంటే ముందు ఈ దస్త్రాలను చదవగలగడం ముఖ్యం.

1923 చట్టంలో యజమానులు గమనించవలసిన అంశాలు మూడు. సర్వే పూర్తయినట్లు ప్రకటన వెలువడిన తరువాత అందులో నమోదైన హద్దు, కోర్టు డిక్రీతో మారితే తప్ప, సరిగా నిర్ణయమైనదనడానికి నిశ్చయ సాక్ష్యమవుతుంది. ఆ నిర్ణయాన్ని ప్రశ్నించే దావాను ప్రకటన నుండి మూడు సంవత్సరాలలోగా వేయాలి. తన భూమిలోని సర్వే రాళ్ళను కాపాడుకునే బాధ్యత భూమిదారుపై కూడా ఉన్నది. దున్నకంలో లేచిపోయిన రాయిని గట్టు మీద పడవేసి ఊరుకోవడం మనకు అలవాటు. చట్టం దృష్టిలో ఆ రాయిని నిలుపుకోవడం యజమాని విధి.

5. కాగితం మీది పంపకం: ఉపవిభజన సమస్య

సర్వే ముగిసిన నాటికి ఒక నంబరులో ఒక రైతు ఉండేవాడని అనుకుందాము. రెండు తరాలలో ఆ పొలం అయిదుగురి పాలవుతుంది. ఒకరు తమ వాటాలో సగం అమ్ముతారు. ఈ మార్పులు రిజిస్ట్రేషన్ శాఖకు చేరతాయి, రెవెన్యూ దస్త్రానికి చేరతాయి. కాని సర్వే పటానికి చేరడం అరుదు.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఆస్తిని గుర్తించడానికి సరిపడే వర్ణన దస్తావేజులో ఉండాలని చెప్పింది. నేల మీద కొలిచి ఉండాలని చెప్పలేదు. ‘ఫలానా సర్వే నంబరులో ఉత్తరపు వైపు రెండు ఎకరాలు’ అని వ్రాసి రిజిస్టరు చేయించుకోవడానికి ఇది సరిపోయింది. ఆ తరువాత పహాణీలో, అడంగలులో నంబరుకు అక్షరమో, అంకెయో చేరి కొత్త ఖాతా ఏర్పడుతుంది. ఎఫ్.ఎం.బి.లో, టిప్పన్‌లో మాత్రం ఆ పొలం ఇంకా ఒకే ముక్క. ఇటువంటి కాగితపు ఉపవిభజనలు తరతరాలుగా పేరుకున్నాయి. ఒక సర్వే నంబరులోని ఖాతాల విస్తీర్ణాలన్నీ కలిపితే మూల రిజిస్టరులోని విస్తీర్ణం కంటే ఎక్కువ రావడం తెలంగాణలో భూ దస్త్రాల కంప్యూటరీకరణ సమయంలో విస్తృతంగా బయటపడింది. కార్యాలయ భాషలో దీనిని ‘ఆర్.ఎస్.ఆర్. వ్యత్యాసం’ అంటున్నారు.

ఈ ఎడాన్ని చాలాకాలం కరణం, పట్వారీల జ్ఞాపకం కప్పిపుచ్చింది. ఎవరి వాటా ఏ చెట్టు దగ్గర ముగుస్తుందో, ఏ గట్టు ఎప్పుడు పడిందో వారికి తెలుసు. ఆ జ్ఞానం వారికి అధికారాన్ని, దానితోపాటు దుర్వినియోగానికి అవకాశాన్ని కూడా ఇచ్చింది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వంశపారంపర్య ఛాయలు గల గ్రామాధికారుల పదవులను రద్దు చేయడం సామాజికంగా పెద్ద మార్పు. అయితే ఆ పదవులతోపాటు తొలగిపోయిన స్థానిక జ్ఞానానికి బదులుగా కొత్త కొలత జరగలేదు. సాధారణంగా మండలానికి ఒక సర్వేయరు చొప్పున ఉన్న వ్యవస్థ ఆ లోటును పూరించలేకపోయింది. హద్దు చూపమని కోరే ‘ఎఫ్-లైన్’ దరఖాస్తులు పేరుకుపోవడానికి ఈ చారిత్రక నేపథ్యం ఉన్నది.

ఇదే కాలంలో భూమి విలువ స్వభావమూ మారింది. ఎకరం విస్తీర్ణం గల నలుచదరపు పొలానికి ఒక్కొక్క భుజం దాదాపు 208.7 అడుగులు. ఒకవైపు గట్టు ఒక్క అడుగు జరిగితే తేడా దాదాపు 23 చదరపు గజాలు, అంటే అర సెంటు. శిస్తు లెక్కలో అర సెంటుకు విలువ లేదు. అందుకే ఆనాటి సర్వే ఆ తేడాను పట్టించుకోలేదు. అదే నేల చదరపు గజాల లెక్కన అమ్ముడుపోయే చోట ఆ అడుగు ఒక కుటుంబపు ఏళ్ళ సంపాదన కావచ్చు. శిస్తుకు సరిపోయిన కచ్చితత్వం క్రయవిక్రయాలకు సరిపోలేదు.

6. యజమానికి సర్వేయరు అవసరమయ్యే సందర్భాలు

పై చరిత్రను బట్టి సర్వేయరు అవసరమయ్యే సందర్భాలను క్రమంగా గుర్తించవచ్చు.

మొదటిది, సర్వే నంబరులో కొంతభాగం కొనడం లేదా అమ్మడం. ఇది అన్నింటిలోకి ప్రధానం. మొత్తం నంబరు చేతులు మారినప్పుడు పాత పటం కొంతవరకైనా ఆధారమవుతుంది. కొంతభాగం మారినప్పుడు ఆ భాగానికి పటమే లేదు. దస్తావేజుకు ముందే కొలత జరిగి, రాళ్ళు నాటి, ఆ కొలతలతో కూడిన పటం దస్తావేజుకు జతకావాలి. పొరుగున కర్ణాటకలో వ్యవసాయ భూమిలో కొంతభాగాన్ని రిజిస్టరు చేయడానికి ‘11ఇ నక్షా’ను ముందుగా తయారుచేయించే విధానం ఈ అవసరాన్ని గుర్తించినదే.

రెండవది, కుటుంబ పంపకం. అన్నదమ్ములు సామరస్యంగా ఉన్నప్పుడు గట్టు వేసుకుని సరిపెట్టుకుంటారు. తగాదా వారి పిల్లల కాలంలో వస్తుంది. సామరస్యం ఉన్నప్పుడే అందరి సమక్షంలో కొలిపించి, పంపక పత్రానికి పటం జతపరచడం శ్రేయస్కరం.

మూడవది, దస్తావేజులోని విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన కుదరకపోవడం. హద్దులు స్పష్టంగా ఉండి విస్తీర్ణం తేడాగా ఉంటే న్యాయస్థానాలు సాధారణంగా హద్దులకే ప్రాధాన్యమిస్తాయి. కాబట్టి దస్తావేజులో అయిదు ఎకరాలు ఉన్నదన్న ధీమాతో కొన్నవారికి, ఆ హద్దుల మధ్య నాలుగున్నర ఎకరాలే ఉంటే, ఆ లోటు మిగిలిపోయే ప్రమాదం ఉన్నది. ఆ కొలత బయానా ఇవ్వడానికి ముందు జరగాలి.

నాలుగవది, ఇల్లు, ప్రహరీ, కంచె వంటి శాశ్వత నిర్మాణం చేపట్టేముందు. 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు గల 200 గజాల స్థలంలో పొడవు వెంబడి ఒక అడుగు తప్పితే అయిదున్నర గజాలు పోయినట్లే. గోడ కట్టిన తరువాత కొలిచే కొలత తగాదాకు పనికివస్తుంది కాని నివారణకు పనికిరాదు. పురపాలక అనుమతి కోసం భవనపు నమూనా గీసే లైసెన్సుదారు వేరు, భూమి హద్దును దస్త్రాల ప్రకారం నిర్ధారించే సర్వేయరు వేరు. ఒకరి పని మరొకరి పనికి ప్రత్యామ్నాయం కాదు.

అయిదవది, సర్వే రాళ్ళు కనిపించకపోవడం. ఇక్కడ కొలత పొలంలోనే మొదలుకాదు. చెక్కుచెదరని రాళ్ళు, మూడు గ్రామాల పొలిమేరలు కలిసే చోటి రాయి వంటి స్థిరబిందువుల నుండి బయలుదేరి ఎఫ్.ఎం.బి. అంకెల ప్రకారం పోయిన రాయి స్థానానికి చేరుకోవాలి. ప్రస్తుతమున్న గట్టు నుండి కొలత ప్రారంభించే సర్వేయరు ఉన్న తప్పునే తిరిగి నమోదు చేస్తాడు.

ఆరవది, రోడ్డుకో, కాలువకో భూమిలో కొంతభాగం సేకరణకు గురికావడం. సేకరణ తరువాత మిగిలిన ముక్క ఆకారం మారుతుంది; పాత దస్తావేజులోని హద్దు మారుతుంది. మిగులు భూమిని కొలిపించి దస్త్రాలలో నమోదు చేయించుకోని యజమాని తరువాతి అమ్మకంలో ఇబ్బంది పడతాడు.

ఏడవది, గ్రామకంఠం. శిస్తు లేని నివాస స్థలం కనుక పాత సర్వే దానిని ఒకే ముక్కగా కొలిచి వదలివేసింది. అందులోని ఇంటింటి హద్దులకు సర్వే పటాలు లేవు. 2020 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన స్వామిత్వ పథకం డ్రోన్లతో గ్రామ నివాస స్థలాలను చిత్రించడం ఈ పాత ఖాళీని పూరించే ప్రయత్నమే.

ఎనిమిదవది, ప్రభుత్వం రీసర్వే జరుపుతున్నప్పుడు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట సమీపంలోని తక్కెళ్ళపాడులో సమగ్ర రీసర్వే ప్రారంభమైంది. ఉపగ్రహ సంకేతాలతో పనిచేసే స్థిర కేంద్రాలు, డ్రోన్లు ఇందులో గొలుసు స్థానాన్ని ఆక్రమించాయి. పాత నంబర్లకు బదులు భూకమత పటాల సంఖ్యలు వచ్చాయి. పాత విస్తీర్ణానికీ కొత్త విస్తీర్ణానికీ తేడాలున్నాయని అనేకచోట్ల రైతులు అభ్యంతరాలు లేవనెత్తారు. పరికరం ఎంత కచ్చితమైనదైనా అది కొలిచేది నేల మీద చూపించిన గట్టునే. ఆ గట్టు సరైన చోట ఉన్నదా అన్నది దస్త్రం చెప్పవలసిన మాట. నోటీసు వచ్చిన నాడు యజమాని హాజరుకావడం, సందేహముంటే నిపుణునితో సరిచూపించుకోవడం, గడువులోగా అభ్యంతరం తెలపడం అవసరం. గడువు దాటితే నమోదైన హద్దుకు నిశ్చయత్వం కలుగుతుందన్న విషయం పైన చూశాము.

7. సర్వేయరు చేయలేనిది

కొలత హక్కును సృష్టించదు. ఇద్దరు ఒకే భూమిని తమదని వాదిస్తున్నప్పుడు సర్వేయరు ఆ భూమి ఎక్కడ ఉన్నదో చెప్పగలడు, ఎవరిదో చెప్పలేడు. ఆక్రమణ కొలతలో తేలినా, ఆక్రమణదారును తొలగించే అధికారం అతనికి లేదు. అది న్యాయస్థానం నిర్ణయించవలసిన విషయం. అటువంటి దావాలలో సివిలు ప్రక్రియాస్మృతి ఇరవై ఆరవ ఆర్డరు తొమ్మిదవ నిబంధన ప్రకారం న్యాయస్థానం కమిషనరును నియమించి, సర్వేయరు సహాయంతో స్థలపరిశీలన జరిపించవచ్చు.

ఇక్కడ ఒక తేడాను గుర్తించాలి. ఒక పక్షం మాత్రమే పిలిపించి, పొరుగువారికి నోటీసు లేకుండా చేయించిన కొలత, ఎంత సక్రమమైనదైనా, ఆ పక్షపు వాదనగానే మిగిలే అవకాశం ఎక్కువ. ఇరుగుపొరుగుల సమక్షంలో, మూల దస్త్రం ఆధారంగా, ప్రారంభ బిందువులను పేర్కొంటూ చేసిన కొలతకు సాక్ష్యబలం ఎక్కువ. తామ్రశాసనాల కాలం నుండి హద్దుకు పొరుగువారే సాక్షులు. పరికరాలు మారినా ఆ అవసరం తొలగిపోలేదు.

8. లైసెన్సు: పాత ప్రశ్నకు కొత్త రూపం

తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుండి అమలులోకి వచ్చిన భూభారతి చట్టం, హక్కుల మార్పిడి సందర్భంలో సర్వే పటాన్ని జతపరచే విధానానికి చోటు కల్పించింది. దానికి అవసరమైన మానవవనరుల కోసం ప్రభుత్వం అదే సంవత్సరం దరఖాస్తులు ఆహ్వానించి, వేలాది అభ్యర్థులకు శిక్షణ ఇచ్చి లైసెన్స్డ్ సర్వేయర్లను సిద్ధం చేయడం మొదలుపెట్టింది. దస్తావేజు, దస్త్రం, నేల – ఈ మూడింటినీ ఒకే సందర్భంలో కలిపి చూడాలన్న ఆలోచన చట్టంలోకి రావడం చారిత్రకంగా గమనించదగిన పరిణామం.

దీనితోపాటు మన్రో కాలపు ప్రశ్న తిరిగి వచ్చింది. లైసెన్స్డ్ సర్వేయరుకు ప్రతిఫలం ఇచ్చేది భూయజమాని. ఎకరాల లెక్కన చెల్లించే పద్ధతిలో తొందరపాటు అనే ప్రమాదం ఉంటే, యజమాని చెల్లించే పద్ధతిలో పక్షపాతం అనే ప్రమాదం ఉన్నది. అమ్మేవాడు తెచ్చిన సర్వేయరు విస్తీర్ణాన్ని నిండుగా చూపడానికి, పొరుగువాడి గట్టును దాటడానికి ఒత్తిడికి గురికావచ్చు. దీనికి విరుగుడు కూడా పాతదే: కొలిచినవాడు కాక వేరొకరు సరిచూడడం. ప్రభుత్వ సర్వేయరు తనిఖీ నామమాత్రమైతే లైసెన్సు కేవలం రుసుము వసూలుకు అనుమతిపత్రంగా దిగజారుతుంది. తనిఖీ నిజమైతే శతాబ్దంగా పేరుకున్న ఉపవిభజనల బకాయి తీరడానికి అది మార్గమవుతుంది.

సామాజిక కోణం కూడా విస్మరించరానిది. అర ఎకరం అమ్ముకునే చిన్నరైతుకు, దశాబ్దాల కిందట ప్రభుత్వం పంచిన భూమిని సాగుచేసుకుంటున్న దళిత కుటుంబానికి సర్వే రుసుము భారమే. కొలత లేకపోవడం వల్ల ఎక్కువగా నష్టపోయేది కూడా వారే, ఎందుకంటే బలవంతుడైన పొరుగువాని గట్టు జరిగేది వారి వైపే. ప్రభుత్వ సర్వేయరు వ్యవస్థ బలహీనపడి, కొలత పూర్తిగా చెల్లించగలిగినవారి సౌకర్యంగా మారితే, సంస్కరణ ఉద్దేశమే దెబ్బతింటుంది.

9. ముగింపు

తెలుగు ప్రాంతాలలో భూమి కొలత చరిత్రను పరిశీలించినప్పుడు ఈ నిర్ధారణలు కలుగుతున్నాయి.

సర్వే నంబరు శిస్తు ప్రయోజనం కోసం ఏర్పడింది. దానిని యజమాని హక్కుకు సరిహద్దుగా భావించడం తరువాతి కాలపు అలవాటు. ఈ రెండింటికీ మధ్య ఏర్పడిన ఎడమే సర్వేయరు అవసరానికి పునాది.

దస్తావేజు కొలత అడగలేదు. సర్వే శాఖకు దస్తావేజు తెలియలేదు. ఈ రెండు వ్యవస్థల మధ్య లోటును చాలాకాలం గ్రామాధికారుల జ్ఞాపకం నింపింది. ఆ పదవుల రద్దు తరువాత లోటు బయటపడింది.

అందువల్ల భూమి ముక్కలయ్యే ప్రతి సందర్భంలో, రూపం మారే ప్రతి సందర్భంలో, దానిపై శాశ్వత నిర్మాణం లేచే ప్రతి సందర్భంలో యజమాని ముందుగానే కొలత జరిపించుకోవాలి. తగాదా వచ్చిన తరువాత జరిగే కొలత సాక్ష్యం మాత్రమే; ముందు జరిగిన కొలత రక్షణ.

లైసెన్సు ఒక వ్యక్తి అర్హతను తెలుపుతుంది, అతని కొలత నిజాయితీకి హామీ ఇవ్వదు. ఆ హామీ స్వతంత్రమైన తనిఖీ నుండి, పొరుగువారి సమక్షం నుండి, మూల దస్త్రం లభ్యత నుండి రావాలి. ఎఫ్.ఎం.బి.లు, టిప్పన్‌లు, సేత్వార్‌లు శిథిలమవుతున్న తరుణంలో వాటిని పరిరక్షించి, యజమానులకూ పరిశోధకులకూ అందుబాటులో ఉంచడం రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు చేపట్టవలసిన పని. పాత అంకె చెరిగిపోతే ఉపగ్రహం కూడా పాత హద్దును తిరిగి చూపలేదు.